అడ్రస్ లేని మాకు తమ అడ్రస్ ఇచ్చినవాళ్లకి

ఈ థాంక్స్ పోస్టు అక్టోబర్ నుంచి రాయాలనుకుంటున్నాను. పాప పడుకున్నాక రాద్దామంటే పాప కంటే ముందు నేనే పడుకుంటున్నాను. ఇవాళ ఆదివారం, బయట ముసురు, మా ఆయన పాపని స్విమ్మింగ్‌కి తీసుకెళ్లారు, ఇంతకంటే మంచి సందు దొరకదు.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 2024 జనవరిలో కొండాపూర్‌లో అద్దె ఫ్లాట్ ఖాళీ చేసి, ఫ్రిజ్జూ మంచాలూ తునిలో అన్నయ్య కొట్టు వెనక గదిలో పడేసి, ఏడాదిన్నర పాపతో సెకండ్ హ్యాండ్ ఎర్టిగాలో బయల్దేరాం. ఇద్దరివీ ల్యాప్‌టాప్ ఉంటే చాలనే ఉద్యోగాలు. 14 నెలలు తిరిగాం. గోకర్ణ, హిమాచల్ కొండల్లో స్పితి, అస్సాంలో నిమాటి ఘాట్ దగ్గర కారుని ఫెర్రీ ఎక్కించి మాజులి దీవి. ఫొటోలు అందరూ చూశారు కాబట్టి మళ్లీ పెట్టను. తర్వాత మా ఆయనకి నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు ఇక్కడున్నాం.

తిరిగే రోజుల్లో ఎవరైనా అడిగితే "మాకు అడ్రస్ లేదండీ, కారే ఇల్లు" అని కాస్త గొప్పగానే చెప్పేదాన్ని. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. మా పార్సిళ్లు చెల్లి ఇంటికి, బ్యాంకు ఉత్తరాలు అమ్మ వాళ్లింటికి, కారు ఇన్సూరెన్స్ కాగితాలు మామయ్యగారింటికి వెళ్లేవి. ముగ్గురి అడ్రస్‌లు వాడుకుంటూ మాకు అడ్రస్ లేదని చెప్పుకు తిరిగాం అన్నమాట.

ముందు థాంక్స్ స్పితిలోని కాజాలో హోమ్‌స్టే వాళ్లకి. అది సుమారు 12,000 అడుగుల ఎత్తు, చిన్నపిల్లతో నింపాదిగా ఆగుతూ ఎక్కాలని తెలుసు, అయినా రోడ్డు బావుంది కదా అని తొందరపడ్డాం, అది మా తప్పే. రాత్రి పాప వాంతులు మొదలుపెట్టింది, మాట్లాడటం మానేసి మగతగా పడుకుండిపోయింది. ఆ ఇంటి పెద్దావిడ తలుపు చప్పుడుకి లేచి, పాపని తన శాలువాలో చుట్టి, మా కంటే ముందు కారెక్కి కూర్చుంది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి, తెల్లారగానే కిందకి దిగిపొమ్మన్నారు. మా ఆయన చేతులు వణుకుతున్నాయని వాళ్లబ్బాయే మా కారు రెకాంగ్ పియో దాకా నడిపాడు, 200 కిలోమీటర్లు, మర్నాడు బస్సులో వెనక్కి వెళ్లాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు, ఎండు బఠాణీల సంచి ఒకటి ఎదురిచ్చాడు. వాళ్లకి తెలుగు చదవడం రాదు, నాకొచ్చిన హిందీలో ఒక వాయిస్ మెసేజ్ విడిగా పంపాను. మీరందరూ కూడా తెలుసుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

ఇక కాగితాల సంగతి. స్పితి రోడ్లు నయం అనిపించింది. నెదర్లాండ్స్ రావాలంటే పెళ్లి సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ రెండిటికీ అపోస్టిల్ ఉండాలి. అంటే ముందు రాష్ట్ర ప్రభుత్వం వైపు ధ్రువీకరణ, దాని మీద విదేశాంగ శాఖ స్టిక్కర్. మాకు పెళ్లయింది 2019లో అన్నవరం కొండ మీద, రిజిస్టర్ చేయించుకోలేదు. పాప బర్త్ సర్టిఫికెట్‌లో పాప పేరే లేదు, బారసాల ఆలస్యమై ఆ గడి ఖాళీగా వదిలేశాం. పైగా తండ్రి పేరు దగ్గర ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో మొత్తం ఇంటిపేరు. ఒక ఏజెంటు అన్నీ తనే చూసుకుంటానని అడ్వాన్సు తీసుకుని ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆయనకి కృతజ్ఞతలు లేవు.

ఆధార్‌లో చూస్తే ఇంకా కొండాపూర్ ఫ్లాటే ఉంది, అందులో వేరేవాళ్లు కాపురం ఉంటున్నారు. కుటుంబ పెద్ద ఒప్పుకుంటే వాళ్ల అడ్రస్ మనకి పెట్టుకోవచ్చని తెలిసి రాజమండ్రిలో అమ్మ పేరిట రిక్వెస్ట్ పెట్టాను. అమ్మ 30 రోజుల్లో ఒప్పుకోవాలి. అమ్మేమో ఓటీపీ అడిగితే ఎవరికీ చెప్పద్దని మీరే అన్నారు కదా అని కూర్చుంది, కన్నకూతురు అడిగినా సరే! చివరికి పక్కింటి మెడికల్ షాపు తమ్ముడు కొట్టు కట్టేశాక ఇంటికొచ్చి, అమ్మ చేతే నొక్కించి వెళ్లాడు. తమ్ముడూ, నువ్వు లేకపోతే నేను ఇంకా అమ్మతో పోట్లాడుతూనే ఉండేదాన్ని.

పెళ్లి రిజిస్ట్రేషన్ కోసం ట్రంకు పెట్టె అడుగు నుంచి శుభలేఖ వెతికి తీసిన పిన్నికి, సాక్షి సంతకానికి రెండుసార్లు కొట్టు మూసుకుని వచ్చిన తుని అన్నయ్యకి (మొదటిసారి సర్వర్ డౌన్) థాంక్స్ చాలదు. జనన మరణాల సెక్షన్‌లో పనిచేసే ఒక మేడమ్, మూడుసార్లు తిప్పించుకున్న ఆఫీసులో ఆవిడొక్కరే, మమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి ఏ కాగితం వెనక ఏది పెట్టాలో పెన్సిల్‌తో అంకెలు వేసి ఇచ్చారు. మా ఆయన టెన్త్ మెమో జతచేయమన్న సలహా కూడా ఆవిడదే. మేడమ్, ఆ పెన్సిల్ అంకెలు ఇంకా ఉన్నాయి, చెరపలేదు.

ఇక్కడికొచ్చాక మళ్లీ అదే అడ్రస్ గోల. దిగిన ఐదు రోజుల్లో గెమెంటేలో, అంటే ఇక్కడి మున్సిపాలిటీలో, నమోదు చేసుకోవాలి. అప్పుడే బీఎస్ఎన్, అంటే ఇక్కడ మనిషికొకటి ఇచ్చే గుర్తింపు నంబరు, వస్తుంది, జీతం, బ్యాంకు, ఇన్సూరెన్స్ అన్నీ దాని మీదే నడుస్తాయి. మేం ముందే డబ్బు కట్టిన తాత్కాలిక వసతిలో నమోదు కుదరదని దిగాక తెలిసింది. నాలుగు సూట్‌కేసులు, జలుబుతో పాప, నాకు ఏడుపొక్కటే తక్కువ.

అక్కా, నిన్ను అంతకుముందు ఒక్కసారి వీడియో కాల్‌లో చూశాను, అదీ మా ఆయన స్నేహితుడి ద్వారా. ముక్కూ మొహం తెలియనివాళ్లం. నువ్వు, బావగారు మీ ఇంటి ఓనర్‌ని ఒప్పించి, మీ అడ్రస్‌లో మేం నమోదు కావడానికి సమ్మతి ఫారం మీద సంతకం పెట్టి, అటక మీద గది ఆరు వారాలు మాకిచ్చారు. ఈ దేశపు మెట్లు నిచ్చెన లాంటివి కదా, పాప పడుతుందని బావగారు మొదటి రోజే పైనా కిందా గేట్లు బిగించారు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయి నాకు ఏమీ తోచని రోజుల్లో నువ్వు ఒక్క ప్రశ్న వేయకుండా చింతకాయలు ముందు పెట్టి గింజలు తియ్యమనేదానివి. అవి ఇండియన్ షాపులో ఫ్రోజెన్ చింతకాయలని, పప్పులోకి అస్సలు బాలేదని ఇప్పుడు చెప్పొచ్చు అనుకుంటా.

మొన్న మా ఇంటి తలుపు పక్కన పేరు పలక పెట్టుకున్నాం. పాప రోజూ స్కూటర్ ఆపి దాన్ని తడుముతోంది, పోస్ట్‌మన్‌కి కూడా చూపించింది. పోస్టులో వచ్చిన మొదటి కవరు మాత్రం ట్యాక్స్ ఆఫీసుది.

నీ రైస్ కుక్కర్ ఇంకా మా దగ్గరే ఉంది అక్కా, శనివారం తెస్తాం. దాని గరిటె మాత్రం పాప ఎక్కడో పడేసింది, వెతుకుతున్నాను.