గుర్రం ధర కాదు, లాయం లెక్క చూడాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ శివార్లలో, ముఖ్యంగా మొయినాబాద్, గండిపేట వైపు, స్వారీ నేర్పే క్లబ్బులు వచ్చాక, అక్కడ నేర్చుకున్నవారిలో కొందరు సొంతంగా ఒక గుర్రాన్ని కొని, నెలవారీ రుసుము చెల్లించి క్లబ్బు లాయంలోనే ఉంచుతున్నారు. పందేలకు పనికిరాదని తప్పించిన గుర్రాలు తక్కువ ధరకు దొరకడం ఇందుకు ఒక కారణం. కొనేవారు ధర గురించి గట్టిగా బేరమాడతారు గానీ పోషణ లెక్క వేసుకోరు. ఆరేడేళ్ల వయసులో పందేలు మానిన గుర్రం ఆరోగ్యంగా ఉంటే పాతికేళ్ల దాకా బతుకుతుంది. మాటవరసకు నెలకు 20,000 రూపాయలు అనుకున్నా, 18 ఏళ్లకు అది 43 లక్షలు దాటుతుంది. అదీ ధరలు ఒక్క రూపాయి కూడా పెరగకపోతేనే.

పైగా ఆ రుసుములో ఏమేమి కలిసి ఉన్నాయో చాలాచోట్ల నోటిమాటగానే చెబుతారు. ఆరు వారాలకోసారి గిట్టలు చెక్కించి లాడాలు మార్చడం, ఏడాదికోసారి పళ్లు అరగదీయించడం, ధనుర్వాతం టీకా, నులిపురుగుల మందు, పశువైద్యుని రాకపోకల ఖర్చు సాధారణంగా విడిగా వస్తాయి. గుర్రాన్ని చూసుకునే పనివాడు, అంటే సైసు, జీతం ఎవరు ఇవ్వాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

అందరికంటే తక్కువ రుసుము చెప్పే లాయాన్ని నేనైతే అనుమానిస్తాను, ఎందుకంటే కోత ముందుగా పడేది మేత మీదే. 450 కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది, తొమ్మిది కిలోల ఎండుగడ్డి కావాలి. గడ్డి తగ్గించి దాణా పెంచితే ఒంటి మీద నిగారింపు కొంతకాలం తగ్గదు, చూడవచ్చిన యజమాని సంతోషంగానే వెళ్తాడు, కానీ జీర్ణక్రియ దెబ్బతిని కడుపుశూల వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఇసుక నేల మీద మేత వేసే చోట గడ్డితోపాటు ఇసుకా లోపలికి పోయి అదే బాధ తెస్తుంది. గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు కనుక శూల గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అందువల్ల అర్ధరాత్రి గుర్రం దొర్లుతుంటే చూసేవారెవరు, ఏ వైద్యుడు వస్తాడు, యజమాని ఫోనుకు దొరకకపోతే చికిత్సకు ఎవరు అనుమతిస్తారు అన్న ప్రశ్నలు రుసుము కంటే ముందు అడగవలసినవి.

లాయాన్ని ఆదివారం ఉదయం కాకుండా, మే నెల మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి చూడడం మంచిది. తొట్టిలో నీళ్లు ఉన్నాయా, పేడ ఎప్పుడు ఎత్తారు, అక్కడి మిగతా గుర్రాల గిట్టలు ఎలా ఉన్నాయి అన్నవి చూస్తే నిర్వహణ తీరు తెలిసిపోతుంది. వానాకాలంలో జోరీగల నివారణకు ఏం చేస్తారో కూడా అడగాలి. రక్తంలో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే సర్రా జబ్బును మోసుకొచ్చేవి అవే.

క్లబ్బులు ఈ ఖర్చులన్నిటినీ పద్దులవారీగా రాసి, సంతకం చేసిన ఒప్పందంతో ఇవ్వాలని నా విన్నపం. కొనేవారు కనీసం ఆరు నెలల ఖర్చు విడిగా దాచలేని పక్షంలో, గంటల లెక్కన అద్దె గుర్రం మీద స్వారీ చేయడమే మేలు. రుసుము కట్టలేక మేతా నీళ్లూ అందని స్థితిలో గుర్రాన్ని వదిలేయడం జంతు హింస నివారణ చట్టం, 1960 ప్రకారం నేరమని కూడా ఆ ఒప్పందంలోనే రాయాలి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్