వాన వచ్చే ముందు ఒక గంట: మన రైతు సంఘం వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మన సంఘం చేసిన పనుల గురించి ఈ నివేదిక. భూసార పరీక్షలు, ఎరువుల పంపిణీ, చెరువు కట్ట మీద చెట్లు కొట్టించడం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల కాగితం పంచాయతీ ఆఫీసు బోర్డు మీద అతికించి ఉంది, చూసుకోండి. కార్యవర్గం ఈసారి ఎక్కువ సమయం పెట్టింది మాత్రం ఎండాకాలం గాలివానల మీద. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

2023 మార్చి నడుమ పడ్డ వడగళ్లను మన ఉత్తర తెలంగాణలో ఏ రైతూ మరిచిపోలేదు. పొట్ట మీదున్న వరి, కంకి పట్టిన మక్క, పిందె కట్టిన మామిడి అన్నీ దెబ్బతిన్నాయి. ప్రభుత్వం ఎకరాకు 10,000 రూపాయల సాయం ప్రకటించింది. మరుసటి ఏడు, 2024 మే 26న ఈదురుగాలులు రాష్ట్రంలో పదిమందికి పైగా ప్రాణాలు తీశాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలో కట్టుబడిలో ఉన్న కోళ్ల షెడ్డు గోడ కూలి ఒకేచోట నలుగురు పోయారు. పిడుగు గురించే భయపడతాం గానీ గాలికి కూలే గోడలు, రేకులు, చెట్లు కూడా అంతే ప్రమాదం అని ఆ రోజు తెలిసింది.

ముందుగా ఎవరూ చెప్పలేదా అంటే, చెబుతూనే ఉన్నారు. బేగంపేటలోని వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా హెచ్చరికలు ఇస్తుంది. టీవీలో, పేపర్లో ఎల్లో అలర్ట్, ఆరెంజ్ అలర్ట్ అని వస్తూనే ఉంటుంది. జగిత్యాల దగ్గరున్న మన పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, రైతులకు సలహాలు వస్తాయి. ఇన్ని ఉన్నా కల్లంలో వడ్లు ఎందుకు తడుస్తున్నాయి? ఈ ప్రశ్నే మమ్మల్ని ఈ పనిలోకి దించింది.

మొదట మేం చేసింది, ఆ బులెటిన్ల మాటలకు అర్థం తెలుసుకోవడం. "ఒకటి రెండు చోట్ల" అంటే జిల్లాలో ఉన్న వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లోపు చోట్ల వాన పడవచ్చని లెక్క. "కొన్ని చోట్ల" అంటే సగం లోపు. "చాలా చోట్ల" అంటే ముప్పావు వంతు లోపు. ఎండాకాలంలో మనకు వచ్చేవి ఎక్కువగా మొదటి రకమే. జిల్లాకు చెప్పింది నిజమవుతుంది, మన ఊళ్లో చుక్క పడదు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఆ మెసేజ్ ఎవరూ తెరిచి చూడరు. ఆ మూడోసారే కొంప మునుగుతుంది. ఏళ్ల తరబడి మనం "వాళ్లు చెప్పేది ఎప్పుడూ కాదు" అని తిట్టుకుంటూ వచ్చాం. నా మటుకు నేను ఆ మాట ఈ ఏడాది మానుకున్నాను.

ఈ వానల తీరే అంత. మార్చి నుంచి జూన్ మొదటి దాకా విదర్భ వైపు నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా తరచూ ఒక ద్రోణి, అంటే గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పొడవాటి పట్టీ, ఏర్పడుతుంది. దానికి ఒక పక్క బంగాళాఖాతం నుంచి తేమ గాలి వస్తుంది, ఇంకో పక్క పడమటి నుంచి పొడి గాలి. రెండూ కలిసేచోట, మధ్యాహ్నం దాకా కాగిన నేల మీద నుంచి వేడి గాలి పైకి ఎగసి క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం లేస్తుంది. అది పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు, ఒక్కోసారి అంతకన్నా పైకి పోతుంది. ఉదయం నుంచి నీలంగా ఉన్న ఆకాశం సాయంత్రం నాలుగింటికి నల్లబడేది ఇందుకే. మేఘం లోపల మంచు రవ్వలు, వడగళ్ల ముద్దలు ఒకదానికొకటి రాసుకుని విద్యుత్తు పుడుతుంది. అదే మెరుపు, అదే నేలకు దిగితే పిడుగు. ఇంత పెద్ద మేఘం పుట్టి, కురిసి, చెదిరిపోవడానికి చాలాసార్లు గంట కూడా పట్టదు. అడ్డంగా చూస్తే పది కిలోమీటర్లు ఉండొచ్చు. ఏ ఊరి మీద లేస్తుందో ముందురోజు చెప్పమంటే ఎవరి వల్లా కాదు.

హైదరాబాద్‌లో వాన మేఘాలను దూరం నుంచే పసిగట్టే డాప్లర్ రాడార్ ఉంది. మనకు అది సుమారు 150 కిలోమీటర్ల దూరం. భూమి గుండ్రం కాబట్టి అంత దూరం వచ్చేసరికి రాడార్ కిరణం మన తలల మీద రెండు కిలోమీటర్ల పైనుంచి పోతుంది. మేఘం పొట్టలో నీళ్లున్నాయని చూస్తుంది గానీ మన పొలంలో గాలి ఎంత ఊపుగా కొడుతోందో దానికి కనబడదు. అంటే ఆఖరి గంట మనదే. ఆ గంటను ఎట్లా వాడుకోవాలన్నదే మా పని.

ఏప్రిల్ మొదటి వారం నుంచి కార్యవర్గంలో రోజుకొకరం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా వాన డ్యూటీ వేసుకున్నాం. డ్యూటీలో ఉన్నవాళ్లు మూడు పనులు చేయాలి. వాతావరణ శాఖ మూడు గంటలకోసారి ఇచ్చే తక్షణ హెచ్చరిక చూడాలి. పూణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారు చేసిన దామిని యాప్‌లో మనకు 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతున్నాయా చూడాలి. మూడోది, పడమటి దిక్కు ఊళ్లలో ఉన్న మనవాళ్లకు ఫోన్ చేయాలి. మనకు ఎండాకాలం గాలివాన ఎక్కువసార్లు నిజామాబాద్, నిర్మల్ వైపు నుంచే దిగుతుంది. ప్రతిసారీ కాదు గానీ, అటు దుమ్ము లేచిందంటే మనకు టైమ్ ఉన్నట్టే. అత్తగారి ఊరికో, బిడ్డనిచ్చిన ఊరికో రోజూ ఫోన్ చేసే వంక దొరికిందని మా వాళ్లలో కొందరు సంతోషపడ్డారు కూడా.

వీటికి తోడు కళ్లు. పైభాగం కంసాలి దాగలిలా చదునుగా పరుచుకున్న మేఘం కనిపిస్తే అది ముదిరిన మేఘం. ఉక్కపోత ఉన్నట్టుండి ఆగి, తడి మట్టి వాసనతో చల్లగాలి ముఖానికి తగిలిందంటే ఇంక పావుగంట కూడా లేదు. పెద్దవాళ్లకు ఇవన్నీ తెలిసినవే, మేం పుస్తకంలో రాసుకున్నాం, అంతే.

ఇంత చేసీ ఒక రోజు తప్పాం. ఆ తప్పు దాచకుండా సభ్యుల ముందు పెట్టాలి.

ఏప్రిల్ మూడో వారంలో ఒక సాయంత్రం. డ్యూటీలో ఉన్నది నేనే. మూడూ నలభైకి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను, "పడమర నుంచి మేఘం వస్తోంది, పిడుగులు పడుతున్నాయి, పొలాల్లో ఉన్నవాళ్లు ఇళ్లకు రండి" అని. చాలామంది చూశారు. వడ్ల మీద పరదాలు కప్పారు. నా పని అయిపోయిందనుకున్నాను. నాలుగున్నరకు గుట్ట దగ్గర పిడుగు పడింది. వేప చెట్టు కింద గుంపుగా నిలబడ్డ గొర్రెలు అక్కడికక్కడే పడిపోయాయి. వాటిని కాసే పెద్దాయన చెట్టుకు కొంచెం ఎడంగా ఉన్నాడు కాబట్టి బతికాడు. కాళ్లు చచ్చుబడి, చెవులు వినబడక, అరగంట సేపు లేవలేకపోయాడు. దగ్గరికి ఉరికిన పిల్లలను కొందరు "ముట్టుకోకండి, షాక్ కొడుతుంది" అని ఆపారు. అది తప్పు. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు. ముట్టుకోవచ్చు, ముట్టుకోవాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ నొక్కాలి, 108కి ఫోన్ చేయాలి. ఒక పిల్లాడు ఎవరి మాటా వినకుండా ఆయన్ని భుజం మీద వేసుకుని వచ్చాడు.

మరునాడు ఆయన ఇంటికి వెళ్లాను. గూట్లో ఉన్న ఆయన ఫోన్ తీసి చూపించాడు. బటన్ల ఫోన్, వెనక మూతకు రబ్బరు బ్యాండు కట్టి ఉంది. "నువ్వు పంపింది నాకెట్ల తెలుస్తది బిడ్డా, నా ఫోనుకు అవి రావు" అన్నాడు. కోపంగా అనలేదు. "తప్పు మాదే కాకా" అని మాత్రం అనగలిగాను. ఎండలో వానలో బయట ఉండేది ఎవరో వాళ్ల దగ్గరే స్మార్ట్ ఫోన్ లేదు. గొర్ల కాపరులు, కూలీలు, మామిడి తోట కావలి వాళ్లు. మా గ్రూపులో ఉన్నదంతా ఇంటి పట్టున ఉండేవాళ్లే.

వారం లోపు పద్ధతి మార్చాం. ఇప్పుడు మెసేజ్ కన్నా ముందు హనుమాన్ గుడి మైకులో, మసీదు మైకులో చెప్పిస్తున్నాం. రెండు చోట్లా పెద్దలు అడగ్గానే ఒప్పుకున్నారు, వాళ్లకు సంఘం తరఫున దండాలు. మైకు వినబడని గుట్ట వైపు, వాగు అవతల ఉన్న కాపరులకు, కూలీ ముఠాల మేస్త్రీలకు డ్యూటీలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరికి ఫోన్ చేసి మాట్లాడాలి. అవతలి మనిషి "సరే" అని నోటితో అంటేనే పుస్తకంలో టిక్కు పెట్టాలి. గొర్రెలు పోయిన ఆయనకు సభ్యులు ఎవరికి తోచింది వాళ్లు చందాలు వేశారు, కొందరు గొర్రెపిల్లలనే ఇచ్చారు.

చెట్టు కింద జీవాలు గుంపుగా ఎందుకు చస్తాయో కూడా చెప్పుకోవాలి. పిడుగు చెట్టు మీద పడి నేలలోకి దిగి చుట్టూ పాకుతుంది. ముందు కాళ్లకు, వెనక కాళ్లకు మధ్య ఎడం ఎక్కువ కాబట్టి కరెంటు ఒక వైపు ఎక్కి ఒంట్లోంచి ఇంకో వైపు దిగుతుంది. దేశంలో ఏటా పిడుగులకు రెండున్నర వేలకు పైగా మనుషులు చనిపోతున్నారు. అందులో ఎంతోమంది చెట్టు కింద నిలబడ్డవాళ్లే. తడవకుండా ఉండటానికి చెట్టు కిందికి పోతాం, అక్కడే పోతాం. దగ్గర్లో ఇల్లు లేకపోతే చెట్టుకు, కరెంటు స్తంభానికి దూరంగా, పల్లంలో, రెండు పాదాలు దగ్గర పెట్టి గొంతుక్కూర్చోవాలి. నేల మీద పడుకోకూడదు.

ఊరి బడిలో చేసిన కార్యక్రమం నాకు ఈ ఏడాదిలో అన్నిటికన్నా నచ్చింది. ఉరుము ఉరిమితే మన అమ్మమ్మలు అర్జునుడి పేర్లు చదివించేవాళ్లు: అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి, శ్వేతవాహన, బీభత్సు, విజయ, కృష్ణ, సవ్యసాచి, ధనంజయ. మొత్తం పది. భయం పోవడానికి చదివేవాళ్లం. మెరుపు కళ్లకు వెంటనే కనబడుతుంది, ఉరుము చప్పుడు మాత్రం కిలోమీటరుకు మూడు సెకన్లు తీసుకుంటుంది. మెరుపు చూసిన క్షణం నుంచి సెకనుకో పేరు చొప్పున చదివితే, పది పేర్లు అయ్యేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు మూడు కిలోమీటర్ల చుట్టుపక్కలే పడినట్టు. మూడుసార్లు చదివేలోపు వినిపిస్తే పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు, అంటే లోపలికి పోవాల్సిన దూరమే. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. పేర్లు రాని పిల్లలు అంకెలు లెక్కపెట్టారు. మధ్యాహ్న భోజనం వండే ఒక అమ్మ వరండాలో నిలబడి విని, "మా అమ్మ ఊరికే చెప్పలేదన్నమాట" అంది. అప్పటి నుంచి ఉరుము వస్తే మా వాడలో పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి.

వడ్ల సంగతికి వస్తే, యాసంగి కోతలప్పుడు మన బాధ గాలివాన ఒక్కటే కాదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. ఆరబోసిన వడ్లు ఒక్క వానకు మళ్లీ మొదటికొస్తాయి. ఒక కేంద్రంలో తేమ సరిపోయాక కూడా లారీలు రాక మన సభ్యుల కుప్పలు రోజుల తరబడి కల్లంలోనే ఉన్నాయి. ఆ నడుమ పడ్డ వానకు కుప్ప అడుగున ఉన్న వడ్లు మొలకెత్తాయి. దీని మీద వినతి పత్రం ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు, వదిలిపెట్టం. మన వైపు నుంచి చేయగలిగింది చేశాం. సంఘం కొన్న పరదాలు కల్లం దగ్గరే గదిలో పెట్టాం, తాళం చెవి డ్యూటీలో ఉన్నవాళ్ల దగ్గర ఉంటుంది. కుప్ప చుట్టూ జానెడు లోతు కాలువ తీయడం, పరదా అంచుల మీద రాళ్ల బదులు ఇసుక సంచులు పెట్టడం అందరికీ అలవాటైంది. ఈదురుగాలికి రాయి జారుతుంది, ఇసుక సంచి కదలదు.

మామిడికి మనం చేయగలిగింది తక్కువ. గాలి అంటూ లేస్తే కాయ రాలాల్సిందే. హెచ్చరిక ఉన్న రోజు ముదిరిన కాయను ముందే కోసి జగిత్యాల పక్కనున్న చల్‌గల్ మామిడి మార్కెట్‌కు పంపినవాళ్లు కొంత బయటపడ్డారు.

మైకులో చెప్పినా వాన రాని రోజులు కూడా ఉన్నాయి. "పరదాలు కప్పి తీయడానికి కూలీ ఎవరిస్తారు" అని కొందరు సభ్యులు అడిగారు. న్యాయమైన మాటే. అందుకే ఇప్పుడు రెండు మాటలు వేర్వేరుగా చెబుతున్నాం. "మేఘం ఉంది, పరదా దగ్గర పెట్టుకోండి" అనేది ఒకటి, "వచ్చేస్తోంది, కప్పండి" అనేది ఇంకోటి. రెండో మాట మన 20 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతున్నప్పుడే చెప్పాలని తీర్మానం. ఏ రోజు ఏం చెప్పాం, ఏం జరిగింది అన్నదంతా తేదీలతో పుస్తకంలో ఉంది. తప్పినవి ఎర్ర సిరాతో రాశాం. ఎవరైనా వచ్చి చూడొచ్చు.

ఈ వేసవికి మిగిలిన పనులు: గుడి మైకుకు బ్యాటరీ కొనాలి, ఎందుకంటే గాలి లేవగానే ముందు పోయేది కరెంటే. బడి మీద పిడుగు కడ్డీ, దాని ఎర్తింగు పెట్టించడానికి అర్జీ పెట్టాం. కల్లం మీదికి వంగిన తుమ్మ కొమ్మలు ఈ వారంలోనే కొట్టించాలి.

వాన డ్యూటీకి ఈసారి ఆడవాళ్లు నలుగురు ముందుకొచ్చారు, చాలా సంతోషం. వాగు అవతలి వాడకు ఇంకా ఇద్దరు కావాలి. బటన్ల ఫోన్ ఉన్న కాపరులు, కూలీలు మీకు తెలిసినవాళ్లు ఉంటే, వాళ్ల నంబర్లు ఆదివారం లోపు కార్యాలయంలో రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి