జంతు సంరక్షణ ఉపసంఘం వార్షిక నివేదిక, 2024-25

గౌరవ సభ్యులకు నమస్కారం.

విశాఖపట్నం మధురవాడలోని మన కాలనీలో ఈ ఏడాది ఉపసంఘం సమయమంతా దాదాపు వీధికుక్కల వ్యవహారానికే సరిపోయింది. ఆగస్టులో పార్కు వెనుక వీధిలో విషం కలిపిన అన్నం తిని కొన్ని కుక్కలు చనిపోయాయి. ఫిర్యాదు ఇవ్వబోతే, "యాభై రూపాయల జరిమానా పడే కేసు, ఎందుకండీ?" అన్నారు పోలీసులు. జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ వరకు ఆ మాట నిజమే. తొలి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దశాబ్దాల కిందట రాసిన ఆ అంకెలు నేటికీ అలాగే ఉండటం సిగ్గుచేటు.

అయితే జంతువుకు విషం పెట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కిందికీ వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ సెక్షన్ ప్రకారం ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పోలీసులు కోర్టు అనుమతి కోసం ఆగకుండా దర్యాప్తు మొదలుపెట్టవచ్చు. కళేబరాలకు పోస్టుమార్టం చేయించి, పశువైద్యుల నివేదిక జతచేసి, సెక్షన్ నంబరుతో సహా రాసి ఇచ్చాకే ఎఫ్‌ఐఆర్ నమోదైంది. నిందితులెవరో ఇంకా తేలలేదు. ఇకపై ఇలాంటిది జరిగితే దయచేసి కళేబరాన్ని వెంటనే పాతిపెట్టకండి. సాక్ష్యం దానితోపాటే మట్టిలో కలిసిపోతుంది. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలన్నదీ గుర్తుంచుకోండి.

కుక్కలను పట్టించి కంబాలకొండ అడవి వైపు వదిలేయాలని కొందరు సభ్యులు కోరారు. పిల్లలను కరుస్తాయన్న వారి భయం న్యాయమైనదే, కానీ ఆ కోరిక చట్టవిరుద్ధం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాక కుక్కను పట్టిన చోటే వదలాలి. నగరపాలక సంస్థ సిబ్బంది వచ్చిన రోజున వీధి వీధికీ మన సభ్యులు వెంట నడిచారు. తిండి పెట్టే చోటును పిల్లలు ఆడుకునే స్థలానికి, మెట్లకు దూరంగా మార్చాం. ఆ ఏర్పాటు కాలనీ సంఘాల బాధ్యతేనని అవే నిబంధనలు చెబుతున్నాయి.

జాతీయ రహదారిపై పశువులను కుక్కుకొని వెళ్లే లారీల గురించి 112కు ఫోన్లు చేశాం. 1978 నాటి పశు రవాణా నిబంధనల ప్రకారం లారీలో ఆరు పశువులకు మించకూడదు. సభ్యులెవరూ స్వయంగా లారీలను ఆపవద్దు, డ్రైవర్లతో గొడవపడవద్దు. ఆపి తనిఖీ చేసే అధికారం పోలీసులది, మనది కాదు.

సంక్రాంతికి కోడిపందేలు చట్టవిరుద్ధమంటూ కరపత్రాలు పంచాం.

జంతు హింస నివారణ సంఘాన్ని ప్రతి జిల్లాలోనూ ప్రభుత్వం ఏర్పాటు చేయాలని 2001 నిబంధనలు చెబుతున్నాయి. మన జిల్లాలో దాని పనితీరు, నమోదైన కేసుల వివరాలు కోరుతూ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. జవాబు వచ్చాక సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.