అగ్నిప్రమాదాలకూ ఒక ‘పులిరాజా’ ప్రశ్న కావాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారములు.

రెండు దశాబ్దాల కిందట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడికి వెళ్లినా ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అనే ప్రశ్న కనిపించేది. పులిరాజా ఎవరో మొదట్లో ఎవరికీ తెలియదు. అటువంటి మనిషి లేడని, అది ప్రచారం కోసం పుట్టించిన పేరని తెలిసేనాటికి ఆ ప్రశ్న ఇంటింటికీ చేరిపోయింది. ఆ ప్రచారం మొరటుగా ఉందని విమర్శించినవారున్నారు, ఆ విమర్శలో కొంత న్యాయం కూడా ఉంది. అయినా ఒక జిల్లా ఆసుపత్రి హెచ్‌ఐవి పరీక్షా కేంద్రంలో పదహారేళ్లు కౌన్సెలర్‌గా పనిచేసిన నేను దాని మేలును కళ్లారా చూశాను. గుమ్మం దగ్గర తలవంచుకుని నిలబడి, రోగం పేరు నోట పలకలేక, ‘ఆ పులిరాజా పరీక్ష ఇక్కడేనా అమ్మా?’ అని అడిగినవారు ఎందరో. ఆ పేరే లేకపోతే వాళ్లలో సగం మంది గుమ్మం దాకా కూడా వచ్చేవారు కాదని నా నమ్మకం.

పులిరాజా కల్పిత వ్యక్తి. ఆయన కంటే ముందు ప్రపంచానికి ఈ వ్యాధిని పరిచయం చేసినవారు మాత్రం నిజమైన మనుషులు, అందరూ ఎరిగిన మనుషులు. 1985లో హాలీవుడ్ నటుడు రాక్ హడ్సన్ తనకు ఎయిడ్స్ ఉందని వెల్లడించి, కొద్ది వారాలకే అక్టోబరు 2న మరణించారు. అంతవరకు ఎవరి జబ్బో అనుకుని ముఖం తిప్పుకున్న అమెరికా సమాజం అప్పుడు మొదటిసారి ఇటు తిరిగి చూసింది. అయితే ఒక్క ప్రకటన ఎంత మార్పు తేగలదో చెప్పడానికి నేను శిక్షణ తరగతుల్లో ఎప్పుడూ బాస్కెట్‌బాల్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్ పేరే తీసుకునేదాన్ని. 1991 నవంబరు 7న ఆయన విలేకరుల ముందుకు వచ్చి, తన రక్తంలో హెచ్‌ఐవి ఉందని, అందువల్ల ఆట నుంచి తప్పుకుంటున్నానని చెప్పారు. తనకున్నది వైరస్ మాత్రమేనని, ఎయిడ్స్ కాదని కూడా అదే వేదిక మీద విడమరిచారు. వైరస్ సోకడం వేరు, వ్యాధి ముదరడం వేరు అనే ఈ తేడాను చెప్పడానికి మా కేంద్రంలో ఒక్కొక్కరితో అరగంట కూర్చోవలసి వచ్చేది. ఆయన దాన్ని ఒక్క మాటలో కోట్ల మందికి చేర్చారు. ఆ తరువాతి రోజుల్లో అక్కడి పరీక్షా కేంద్రాలకు ఫోన్లు వెల్లువెత్తాయి. మరుసటి ఏడాది బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆయన దేశానికి ఆడి స్వర్ణపతకం గెలిచారు. తిరిగి లీగ్ పోటీల్లోకి రాబోతే, గాయమై రక్తం కారితే తమ గతేమిటని కొందరు తోటి ఆటగాళ్లు భయపడటంతో మళ్లీ వెనక్కి తగ్గవలసి వచ్చింది. ప్రకటన జరిగి మూడు దశాబ్దాలు దాటినా ఆయన ఆరోగ్యంగా మన మధ్య ఉన్నారు. మందులు మొదలుపెట్టడానికి జంకే యువకులకు ఆయన ఫొటో చూపించడం నాకు అలవాటుగా ఉండేది. మన దేశంలో ప్రభుత్వం ఈ వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను 2004 ఏప్రిల్ నుంచి ఉచితంగా ఇస్తోంది కాబట్టి, ఆ ఫొటో చూపించి ‘నువ్వూ ఇలాగే ఉండొచ్చు’ అని చెప్పే ధైర్యం మాకు వచ్చింది.

ఇక్కడ పత్రికలవారికి చెప్పుకోవలసిన మాట ఒకటుంది. వింబుల్డన్ విజేత ఆర్థర్ యాష్‌కు గుండె శస్త్రచికిత్స సమయంలో ఎక్కించిన రక్తం ద్వారా హెచ్‌ఐవి సోకింది. 1988లోనే ఆ సంగతి తెలిసినా తన పాప కోసం, కుటుంబం కోసం దాచుకున్నారు. ఒక పత్రిక ఆరా తీయడం మొదలుపెట్టేసరికి, వాళ్లు రాసేలోపు తానే చెప్పుకోక తప్పక, 1992 ఏప్రిల్‌లో ఆయన ఆ సంగతి బయటపెట్టారు. మరుసటి ఫిబ్రవరిలో మరణించారు. చివరి నెలల్లో ఆయన ఎయిడ్స్ నివారణ కోసం ఎంతో పనిచేశారన్నది నిజమే గాని, ఆ నిర్ణయం ఆయన చేతిలో లేకుండా పోయిందన్నదీ నిజమే. సైన్స్ రచయిత ఐజాక్ అసిమోవ్‌కు కూడా అలాగే ఎక్కించిన రక్తం వల్లే సోకింది. సమాజం ఎలా చూస్తుందోనని వైద్యులు వద్దన్నందున ఆయన దాచారు, మరణించిన పదేళ్లకు గాని భార్య ఆ సంగతి బయటపెట్టలేదు. అంతటివారే అంతగా భయపడితే, మా కేంద్రానికి ఊరు దాటి, మండలం దాటి, తెలిసినవారు కనిపించని చోటు వెతుక్కుని వచ్చే కూలి మనిషి భయాన్ని ఏమని తప్పు పట్టగలం? ఫలానా నటికి, ఫలానా నాయకుడికి ఎయిడ్స్ అట అని రుజువు లేని మాటలు ఇప్పటికీ మన భాషలో తిరుగుతూనే ఉన్నాయి. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవి చట్టం ప్రకారం ఒకరి వ్యాధి సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ప్రసిద్ధులు తామై చెప్పుకుంటే ఊరికి మేలు జరుగుతుంది. మరొకరు లాగి బయటపెడితే పరీక్షకు రాబోయిన పదిమంది గుమ్మం నుంచే వెనుదిరుగుతారు.

పులిరాజా పేరు ఒక్కటే చాలలేదు. ఆ పేరుతోపాటు, చదువులేనివారికి కూడా నోటికి వచ్చే కొన్ని మాటలు పదే పదే వినపడ్డాయి. కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు, ఒకే గ్లాసులో తాగితే రాదు. ఒక అత్తగారు కోడలి కోసం వేరే స్టీలు గ్లాసు, కంచం పెట్టి, వాటి మీద గోళ్ల రంగుతో గుర్తు కూడా వేసింది. ఆవిడతో నాలుగు నెలల్లో నాలుగుసార్లు అవే మాటలు చెప్పాను. అయిదోసారి వచ్చినప్పుడు ‘గుర్తు గీకేశానమ్మా’ అంది. ఎవరినైనా మార్చేది ఒక్క రోజు ఊరేగింపు కాదని, చేయదగిన చిన్న పనిని విసుగులేకుండా చెప్పడమేనని నాకు నేర్పింది ఆవిడే.

ఇంత చెప్పుకొచ్చింది అగ్నిప్రమాదాల గురించి అడగడానికి. మంటల్లో పోయేవారిలో మ్యాజిక్ జాన్సన్‌లు లేరు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలోని తుక్కు గోదాములో మరణించిన 11 మంది బీహార్ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చి, ఆ గోదాము పైనే నిద్రపోతున్న కూలీలు. అదే ఏడాది సెప్టెంబరులో రూబీ లాడ్జి కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ నుంచి లేచిన పొగ పై గదుల్లోని ఎనిమిది మందిని బలితీసుకుంది. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఊపిరాడక పోయిన ఆరుగురు చిన్న ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి నగరానికి వచ్చిన యువతీ యువకులు. నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు ఉన్న భవనంలో తొమ్మిది మంది పోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట 17 మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. వీరిలో ఒక్కరి పేరైనా మనకు గుర్తుందా? భవనాల పేర్లు, వీధుల పేర్లు గుర్తున్నాయి. మూడు రోజులు మొదటి పేజీలో ఫొటోలు, నాలుగో రోజు తనిఖీలకు ఆదేశాలు, ఆ తరువాత మరో ప్రమాదం దాకా మౌనం. ఇది మీ పత్రికను ఉద్దేశించి అంటున్న మాట కాదు, నేను చదివే పత్రికలన్నిటిలోనూ వరస ఇదే.

ఈ ప్రమాదాల్లో చాలామందిని చంపింది మంట కాదు, పొగ. మంట ఇంకా కిందే ఉండగా పొగ మెట్ల దారిని పొగగొట్టంగా చేసుకుని పైకి పాకుతుంది. పైన నిద్రపోతున్నవారికి తెలివి వచ్చేలోపే విషవాయువు స్పృహ తప్పిస్తుంది. పొగ పైకి చేరుతుంది కనుక నేలకు దగ్గరగా కొంత గాలి మిగిలి ఉంటుంది, ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని వంగి, పాకి బయటపడాలి. మెట్ల నిండా పొగ కమ్మి ఉంటే దాన్ని చీల్చుకుని పోవాలని చూడకుండా, తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, వీధివైపు కిటికీ దగ్గర నిలబడి కేకవేయాలి. లిఫ్టు ఎక్కకూడదు. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా పొయ్యి ఆపి మూత బోర్లించాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చి వేయడం గాని ఆపడం గాని చేయకుండా, రెగ్యులేటర్ ఆపేసి, తలుపులు తెరవాలి. 101కు ఫోన్ చేయాలి. ఇవి ‘ముట్టుకుంటే రాదు’ అన్నంత తేలిక మాటలే. అయినా ఆ మాట చెప్పగలిగిన ప్రతి పదిమందిలో ఇవి చెప్పగలిగినవారు ఎందరుంటారో మీ విలేకరులు ఒకసారి ఏదైనా బస్టాండులో నిలబడి అడిగి చూడాలని మనవి.

మా అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో నిరుడు ఒక రాత్రి మెట్ల కింద మీటర్ల బోర్డు దగ్గర వైరు కాలి, పొగ మూడో అంతస్తు దాకా వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆ పది నిమిషాల్లో నేను చూసినవి ఇప్పటికీ కలత పెడుతూనే ఉన్నాయి. పైకి పోదామంటే డాబా తలుపుకు తాళం, తాళంచెవి ఊరెళ్లిన కమిటీ పెద్దాయన బీరువాలో. రెండో అంతస్తులో గోడకున్న ఎర్ర సిలిండర్ ముందు చెప్పుల స్టాండు. దాన్ని జరిపి సిలిండర్ తీస్తే పీడనం చూపే ముల్లు ఎర్రగీత మీద పడి ఉంది, దాని గడువు తీరి మూడేళ్లయింది. పిన్ను లాగాలని కూడా మాలో ఎవరికీ తెలియదు, ఒకరు దాన్ని మూత తిప్పినట్టు తిప్పుతూ నిలబడ్డారు. బోర్డు పక్కనే రెండు ఎలక్ట్రిక్ స్కూటర్లు ఛార్జింగులో ఉన్నాయి. వాచ్‌మన్ మెయిన్ స్విచ్చి దించకపోతే ఈ ఉత్తరం మరొకరు రాయవలసి వచ్చేది. మరునాడు తాళం తీసి గడియ మాత్రం ఉంచుదామంటే ‘దొంగలొస్తారు’ అని సగం మంది ఒప్పుకోలేదు. దొంగ భయం తెలిసిన భయం. పొగ భయం ఎవరూ మనకు నేర్పనిది.

బస్సుల సంగతీ అంతే. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర 45 మంది కాలిపోయిన జాతీయ రహదారి మీదే, పన్నెండేళ్లకు, 2025 అక్టోబరు 24న, కర్నూలు దగ్గర ఒక స్లీపర్ బస్సు మంటల్లో చిక్కుకుంది. అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో బయలుదేరే ముందు చెప్పిన బస్సు ఇంతవరకు నేనెక్కలేదు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు మోస్తున్న నౌక అంటుకుని పేలిపోయినప్పుడు మంటలార్పబోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారి స్మృతిలో ఏటా ఆ రోజు నుంచి 20వ తేదీ వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో మీ జిల్లా పేజీలో రిబ్బన్ కత్తిరిస్తున్న అధికారి ఫొటో, బడి పిల్లల ముందు నీళ్లు చిమ్ముతున్న ఫైరింజన్ ఫొటో వస్తాయి. డిసెంబరు 1న ఎయిడ్స్ దినం నాడు కూడా అటువంటి ఫొటోలే వచ్చేవి. అయితే ఆ ఒక్క రోజుతోనే సరిపెట్టి ఉంటే మా కేంద్రానికి మనుషులు వచ్చేవారు కాదు. ఏడాది పొడవునా గోడ మీద ఆ ప్రశ్న ఉంది గనుకే వచ్చారు.

కాబట్టి నా మనవి ఇది. వారానికి ఒకరోజు, జిల్లా పేజీలో అరచేయంత చోటు అగ్నిభద్రతకు శాశ్వతంగా కేటాయించండి. అందులో వ్యాసం అక్కరలేదు. ఒక ప్రశ్న, దాని కింద రెండు పంక్తుల జవాబు చాలు. మీ డాబా తలుపు తాళంచెవి ఈ రాత్రి ఎవరి దగ్గర ఉంది? మీ సిలిండర్ ముల్లు పచ్చగీత మీద ఉందా? మీ పిల్లల బడిలో రెండో మెట్ల దారి తెరిచి ఉందా? ఏ ప్రమాదం గురించి రాసినా, ఆరు నెలలకు అదే చోటికి విలేకరిని మళ్లీ పంపి, ఇచ్చిన ఆదేశాల్లో ఏది అమలైందో రాయించండి. తెరమీది పెద్దలు ఈ మాటలు తమ గొంతుతో చెప్పడానికి ముందుకు వస్తే వారిని పిలిచి చెప్పించండి. 1997లో ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో 59 మంది పోయిన తరువాత కూడా సినిమాకు ముందు బయటికి పోయే తలుపులు చూపించే అలవాటు మనకు రాలేదు. ఒక కథానాయకుడు ఆ అరనిమిషం మాట చెబితే అభిమానులు వినరా?

మా అపార్ట్‌మెంటులో ఇప్పుడు డాబా తలుపుకు లోపలివైపు గడియ మాత్రమే ఉంది, సిలిండర్లు మార్పించాం, చెప్పుల స్టాండు తీయించాం. స్కూటర్ల ఛార్జింగు విషయంలో ఇంకా వాదన నడుస్తోంది. మీ శీర్షిక మొదలైతే దాన్ని కత్తిరించి ప్రతి వారం లిఫ్టు తలుపు పక్కన అతికించే బాధ్యత నాది.

ఇట్లు,
విశ్రాంత హెచ్‌ఐవి కౌన్సెలర్, మీ పాఠకురాలు,
ఖమ్మం