ఉష్ణమాపకాల టెండర్లలో బూడిదకూ ఒక గడి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

విద్యుత్ కేంద్రంలోనో కర్మాగారంలోనో ప్రమాదం జరిగిందన్న వార్త వచ్చినప్పుడల్లా "సెన్సర్ సరిగ్గా పనిచేయలేదు" అన్న ఒక్క మాటతో వివరణ ముగిసిపోవడం చూస్తున్నాను. బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రంలో మూడు దశాబ్దాలు ఇన్‌స్ట్రుమెంటేషన్ (కొలత పరికరాల) విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిగా ఆ మాట నాకు మింగుడుపడదు. సెన్సర్ చెడిపోవడం కన్నా, ఆ చోటికి పనికిరాని సెన్సర్‌ను మనమే కొని తెచ్చి బిగించడమే నేను ఎక్కువగా చూశాను.

మా కాలంలో టెండరు పత్రంలో ఉష్ణమాపకం గురించి ఉండేది ఒక్క వరుస: కె-టైప్ థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహపు తీగలను కలిపి వేడిని కొలిచే సెన్సర్), కొలవవలసిన ఉష్ణోగ్రత ఇంత, పొడవు ఇంత, సంఖ్య ఇంత. ఎవరు తక్కువ ధర వేస్తే వారే ఎల్-1, ఆర్డరు వారికే. అది ఏ గాలిలో, ఏ ధూళిలో, ఎంత వేగానికి ఎదురుగా నిలబడాలో అడిగే గడి ఆ పత్రంలో ఉండేది కాదు.

బొగ్గు మిల్లునే తీసుకోండి. బొగ్గును పిండి చేసి వేడిగాలితో బాయిలర్‌కు పంపే ఈ యంత్రం నుంచి బయటికి వచ్చే మిశ్రమం ఉష్ణోగ్రతను సాధారణంగా 70–90 డిగ్రీల మధ్య ఉంచుతారు. అంటే కాఫీ కాచే వేడి కూడా లేదు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా సులువైన చోటు ఉండదు కాబట్టి సెన్సర్‌కు తొడిగే రక్షణ గొట్టాల్లో అతి చవకది అక్కడికే చేరేది. ఓసారి నేను ఊడదీసిన గొట్టం, గాలి వచ్చే వైపు మాత్రమే, చాకుతో చెక్కిన పెన్సిల్‌లా ఏటవాలుగా అరిగిపోయి, చివర సూదిబెజ్జమంత రంధ్రం పడి ఉంది. వెనుక వైపున తయారీదారు గుర్తు ఇంకా చెక్కుచెదరలేదు. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, అందులోని క్వార్ట్జ్ రేణువులు ఉప్పుకాగితం చేసే పనే చేస్తాయి. గొట్టం మీద బొగ్గుపొడి పేరుకుంటే మరో చిక్కు. లోపలి వేడి సెన్సర్‌కు ఆలస్యంగా తెలుస్తుంది. ఉన్న వేడి కన్నా తక్కువ చూపిస్తే నియంత్రణ వ్యవస్థ ఇంకా వేడిగాలి పంపుతుంది, మిల్లులో నిప్పు అంటుకునే దారి అదే.

దీనికి మందు లేకపోలేదు. గొట్టానికి టంగ్‌స్టన్ కార్బైడ్ పూత వేయించవచ్చు, గాలికి ఎదురుగా కోణపు ఇనుప ముక్కను కవచంగా వెల్డింగు చేయించవచ్చు. కానీ గొట్టం గోడ మందమైన కొద్దీ సెన్సర్ స్పందన మందగిస్తుంది. ఎక్కువ కాలం నిలవాలా, త్వరగా చెప్పాలా అన్న ఈ బేరం ప్రతి చోటా వేరుగా తేలుతుంది. డిజైన్ అంటే నా లెక్కలో ఈ బేరమే.

తెగిపోయిన సెన్సర్‌తో పెద్ద భయం లేదు; తెర మీద అంకె ఒక కొసకు పోయి అలారం మోగుతుంది. భయమల్లా నెమ్మదిగా అబద్ధమాడే సెన్సర్‌తోనే. కె-టైప్ తీగలను ఆక్సిజన్ అంతంతమాత్రంగా ఉండే మూసిన గొట్టంలో 800–1000 డిగ్రీల వేడిలో ఉంచితే, రెండు తీగల్లో ఒకటైన క్రోమెల్ (నికెల్-క్రోమియం మిశ్రమం) తీగలోని క్రోమియం మాత్రమే తుప్పు పట్టి తీగ ఆకుపచ్చగా మారుతుంది. దీన్ని గ్రీన్ రాట్ అంటారు. అప్పటి నుంచి అంకె తగ్గుతూ పోతుంది, అలారం మాత్రం మోగదు. ఈ లోపాన్ని తగ్గించడానికే నికెల్‌లో సిలికాన్ పాళ్లు సరిచేసిన ఎన్-టైప్ తీగలు వచ్చి దశాబ్దాలయింది. అయినా "ఎప్పుడూ కొనేదే కొనండి" అన్న నోట్ మా ఫైళ్లలో కదలలేదు. వానాకాలం సంగతి మరొకటి. తీగల చుట్టూ దట్టించే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమను పీల్చుకుంటుంది, కాబట్టి మూతకు రబ్బరు వాషర్ లేకపోతే ఎంత ఖరీదైన సెన్సరైనా దండగే.

వేడి, ధూళి, తేమల తర్వాత అందరూ మరిచేది ప్రవాహం. జపాన్‌లోని మొంజు ఫాస్ట్ బ్రీడర్ అణు రియాక్టర్‌లో, వేడిని మోసుకెళ్లే 1995 డిసెంబరు 8న సుమారు 640 కిలోల ద్రవ సోడియం కారి మంట లేచింది. కారణం రియాక్టర్ గుండెలో లేదు. ద్వితీయ వలయపు పైపులో ఉష్ణోగ్రత చూడటానికి పెట్టిన థర్మోవెల్, అంటే సెన్సర్‌ను కాపాడే గొట్టం, విరిగింది. సన్నని కొసను లావు భాగంతో ఒక్క మెట్టులో కలిపిన డిజైన్ అది. ప్రవాహం దిశలోనే గొట్టం ముందుకూ వెనక్కూ ఊగుతుందన్న సంగతిని డిజైన్ చేసినవారు లెక్కలోకి తీసుకోలేదు. ఆ మెట్టు దగ్గరే లోహం అలిసి తెగింది. ప్రమాదపు వీడియోను కత్తిరించి చూపిన వ్యవహారం ప్రజల నమ్మకాన్నీ తీసేసింది. రియాక్టర్ తిరిగి మొదలైంది 2010లో. చివరికి 2016 డిసెంబరులో మూసివేయాలని నిర్ణయించారు. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం 2010లో థర్మోవెల్‌లకు విడిగా తెచ్చిన ప్రమాణంలో ఈ ముందువెనుకల ఊపునూ లెక్కించాలని ఉంది.

ఆ లెక్క మన ఆవిరి పైపులకూ వర్తిస్తుంది. సెకనుకు 50 మీటర్ల వేగంతో వచ్చే ఆవిరి 25 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టాన్ని దాటేటప్పుడు దాని వెనుక సుడులు సెకనుకు సుమారు 440 సార్లు అటూ ఇటూ విడివడి, గొట్టాన్ని అంతే వేగంగా కుదుపుతాయి. గొట్టం పొడవు రెట్టింపైతే దాని సహజ పౌనఃపున్యం (తట్టి వదిలేస్తే సెకనుకు తనంతట తాను ఊగే సార్లు) సుమారు నాలుగో వంతుకు పడిపోయి ఆ కుదుపుకు దగ్గరవుతుంది. షట్‌డౌన్‌లో సరైన కొలత దొరక్క "స్టోర్సులో పొడవుది ఉంది, అదే పెట్టేయండి" అనడం ఎంత ప్రమాదమో ఇక వేరే చెప్పనక్కరలేదు. నేనూ ఒకటి రెండుసార్లు అలా పెట్టించినవాడినే.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యుదుత్పత్తి సంస్థలకూ, భారీ పరిశ్రమలకూ నా విన్నపం చిన్నది. ప్రవాహ వేగం, ధూళి, తేమ, వాయువు స్వభావం, కావలసిన స్పందన సమయం టెండరు పత్రంలో విధిగా రాయండి. థర్మోవెల్‌కు ప్రకంపనల లెక్క జతచేయని బిడ్‌ను ధర చూడకముందే పక్కన పెట్టండి. ఊడదీసిన పాత గొట్టాన్ని నేరుగా స్క్రాప్‌కు పంపకుండా, ఏ చోట ఎన్ని నెలలు నిలిచిందో చీటీ కట్టి, కొత్తది కొనే అధికారి బల్ల మీద ఒక్క రోజైనా ఉంచండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరు,
రాజమహేంద్రవరం