8, 9, 10 క్లాస్ టీచర్లకు: ఆన్‌లైన్ జాగ్రత్తల పీరియడ్

అందరికీ నమస్కారం. ఈ పీరియడ్‌లో "ఫోన్ ముట్టుకోవద్దు" అని చెప్పి వదిలేయకండి, ఆ మాట ఎవరూ వినరు. మీ ఫోన్‌లోనే చేసి చూపించండి: వాట్సాప్ సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్, 6 అంకెల పిన్. పుట్టినతేదీ పెడితే పెట్టనట్టే. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, రావడానికి అక్కర్లేదు. ఈ ముక్క ఇంట్లో పెద్దవాళ్లకూ చెప్పమనండి.

అసలు చిక్కంతా ఫొటోలు చూపించి బెదిరించే కేసుల్లో. పిల్లలు భయపడి చాట్ డిలీట్ చేస్తారు, లేదా డబ్బు పంపేస్తారు. రెండూ వద్దు. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. ముందు యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, నంబరు, తేదీ, టైము కనిపించేలా బెదిరింపు మెసేజ్‌లకు స్క్రీన్‌షాట్లు తీయించండి, బ్లాక్ చేయడం ఆ తర్వాతే. అసభ్య ఫొటోను మాత్రం ఆధారం పేరుతో మన ఫోన్‌కి పంపించుకోకండి, స్టాఫ్ గ్రూపులో అసలే పెట్టకండి. పిల్లల అలాంటి ఫొటోలు పంచడం ఐటీ చట్టం 67బి కింద నేరం.

ఇలాంటిది తెలిస్తే హెచ్ఎంకి చెప్పి ఊరుకోవడం కుదరదు, పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930, పిల్లల సాయానికి 1098. రెండు నంబర్లూ డైరీలో రాయించండి.