యూదు పిల్లల్ని దాచింది అటకల మీదే కాదు

సంపాదకులకు నమస్కారం.

నాజీలు యూదుల మీద సాగించిన ఊచకోత, హోలోకాస్ట్‌లో బతికి బయటపడ్డ యూదు పిల్లల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. దాక్కోవడమంటే అటకెక్కి ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడమే అన్నట్టు రాశారు. బెల్జియంలో చాలామంది పిల్లలు పట్టపగలే, మారుపేర్లతో, కాన్వెంటు బడుల్లోనూ పల్లెటూరి ఇళ్లలోనూ నలుగురిలో తిరుగుతూ బతికారు.

1942 ఆగస్టు 4న, జర్మన్ల ఆక్రమణలో ఉన్న బెల్జియంలోని మెహెలెన్ పట్టణం నుంచి, పట్టుకున్న యూదులతో ఆష్‌విట్జ్ మరణశిబిరానికి తొలి రైలు వెళ్లింది. సెప్టెంబరుకల్లా యూదుల రక్షణ కమిటీ రహస్యంగా ఏర్పడింది. పిల్లల్ని దాచే దాని విభాగంలో పనిచేసిన ఆంద్రే గ్యూలెన్ బ్రస్సెల్స్‌లో పంతులమ్మ, యూదురాలు కాదు. యూదులు బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవడం తప్పనిసరి చేసినప్పుడు, అది కనబడకుండా తరగతిలో అందరిచేతా ఏప్రన్లు తొడిగించిన మనిషి.

బిడ్డను తీసుకెళ్లేటప్పుడు ఎక్కడికో తల్లికి చెప్పేవారు కాదు. తల్లి పట్టుబడితే కొట్టి చెప్పిస్తారు. పట్టుబడకపోయినా, మనసాగక చూడ్డానికి వెళ్తే ఆ ఊరి కళ్లన్నీ ఆ ఇంటి మీదే పడతాయి. దారిలోనే బిడ్డచేత కొత్త పేరు వల్లె వేయించేవారు.

దాచిన పిల్లల వివరాలు ఐదు పుస్తకాల్లో విడదీసి, వేర్వేరు చోట్ల ఉంచారు. ప్రతి బిడ్డకూ ఒక నంబరు. అసలు పేరు ఒకదాంట్లో, మారుపేరు మరోదాంట్లో, దాచిన చోటు ఇంకోదాంట్లో. ఒక్క పుస్తకం దొరికితే పోలీసులకు ఏమీ అంతుపట్టదు. అసలు రాయకపోతే ఇంకా క్షేమం కదా అనొచ్చు. కానీ నెలనెలా డబ్బు ఎవరికి పంపాలి? పాలుతాగే పసికందు రేపు తన ఇంటిపేరు చెప్పగలదా? 1944లో గ్యూలెన్ సహచరి ఇడా స్టెర్నోను అరెస్టు చేసినా పుస్తకాలు జర్మన్లకు చిక్కలేదు.

మీ వ్యాసంలో తిండి ఊసే లేదు. అసలు చిక్కు అక్కడే. రేషన్ కార్డు పురపాలక కార్యాలయంలో నమోదైనవాళ్లకే ఇస్తారు, దాచిన బిడ్డకు రాదు. మనిషికి రోజుకు 225 గ్రాముల రొట్టె వచ్చే రోజుల్లో ఇంకో నోరంటే మాటలా? అందుకే కమిటీ వాళ్లు పోషణ ఖర్చుతోపాటు కూపన్లు కూడా చేరవేసేవారు. సానుభూతి ఉన్న గుమాస్తాలు కొన్నిటిని చాటుగా ఇచ్చేవారు.

గుట్టు బయటపడేది చిన్న విషయాల్లోనే. చొక్కా కాలరు లోపల కుట్టిన అసలు పేరు, నోరుజారిన ఒక ఇద్దిష్ (అక్కడి యూదుల ఇళ్లలో మాట్లాడే భాష) మాట, చర్చిలో శిలువ గుర్తు వేసుకోవడం రాక తికమక. మగపిల్లలతో మరీ కష్టం. యూదు మగపిల్లలకు సున్తీ చేస్తారు, అక్కడి క్రైస్తవుల్లో అది లేదు కాబట్టి హాస్టల్లో తోటి పిల్లలతో కలిసి స్నానం చేయడమే గండం.

1944 సెప్టెంబరులో బ్రస్సెల్స్ విముక్తమయ్యాక ఆ పుస్తకాలు పట్టుకునే గ్యూలెన్ పిల్లల్ని వెతికి ఇళ్లకు చేర్చారు. తల్లిదండ్రులు తిరిగిరాని పిల్లలు బంధువుల దగ్గరికో యూదు అనాథాశ్రమాలకో వెళ్లారు. కొందరిని పెంచినవాళ్లు వదల్లేక పేచీలూ వచ్చాయి. హోలోకాస్ట్ స్మారక దినమైన జనవరి 27 సంచికలోనైనా ఈ భాగం వివరంగా వేయగలరని మనవి.

— ఇద్దరు చరిత్ర అధ్యాపకులు, హన్మకొండ